వంద కోళ్ల ఆదాయం: దాణా ఖర్చు పోగా మిగిలేదెంత?

న్యూఢిల్లీ: దేశ రాజధాని ప్రాంతంలోని గ్రామాల్లో ఉద్యోగానికో, వ్యవసాయానికో తోడుగా కొన్ని కోళ్లను పెంచుకోవడం కొత్త ఆలోచన కాదు. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ల సంఖ్య 2012తో పోలిస్తే 45.8 శాతం పెరిగి 31.7 కోట్లకు చేరింది. వాణిజ్య ఫారాల్లోని కోళ్లు 4.5 శాతమే పెరిగాయి. అయితే కోళ్ల సంఖ్యను లాభానికి కొలమానంగా తీసుకోవడం పొరపాటు.

గుడ్లు పెట్టే ఫారం కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. వంద కోళ్లకు 11 కిలోలు. లెక్క సులువుగా ఉండేందుకు కిలో దాణా రూ.30 అనుకుంటే రోజువారీ ఖర్చు రూ.330. రోజుకు 75 గుడ్లు వచ్చి, ఒక్కొక్కటి రూ.6 చొప్పున అమ్ముడైతే రాబడి రూ.450. మిగులు రూ.120. గుడ్డు ధర ఒక్క రూపాయి తగ్గితే ఆ మిగులు రూ.45కు పడిపోతుంది. గుడ్డుకు రూ.4.40 వస్తే దాణా ఖర్చు మాత్రమే తీరుతుంది.

ఇంకా కోడి ఖరీదు లెక్కలోకి రాలేదు. గుడ్డు పెట్టే వయసుకు వచ్చిన పెట్టను రూ.350కి కొని, ఏడాది తర్వాత మాంసానికి రూ.100కు అమ్మినా వంద కోళ్ల మీద తరుగుదల రూ.25 వేలు, అంటే రోజుకు దాదాపు రూ.68. అప్పుడు చేతిలో మిగిలేది రూ.52. షెడ్డు, కరెంటు, టీకాలు, చనిపోయిన కోళ్ల నష్టం, ఇంటివారి శ్రమ ఇందులోంచే తీయాలి. శ్రమకు కూలి కట్టుకునే అలవాటు చిన్న పెంపకందారులకు ఉండదు కనుకనే చాలామందికి లాభం ఉన్నట్టు కనిపిస్తుంది.

నాటుకోడి గుడ్డుకు ఎక్కువ ధర వస్తుందన్నది నిజమే. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా ఏడాదికి సుమారు 110 గుడ్లు పెడుతుంది. ఆరుబయట తిరిగి మేత వెతుక్కునే కోళ్లకు ఇది చాలు. స్థలం లేక మూసి పెంచితే వంద కోళ్లకు రోజుకు వచ్చే 30 గుడ్లలో ఒక్కొక్కటి రూ.11కు అమ్ముడైతేనే, అదే పరిమాణంలో కొన్న దాణా ఖర్చు తీరుతుంది.

టోకు ధర పెంపకందారు చేతిలో ఉండదు. జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ సూచించే ధరలను బట్టే వ్యాపారులు బేరమాడతారు. చలికాలంలో గిరాకీ పెరుగుతుంది. ఎండాకాలంలో కోళ్లు మేత తగ్గించి, పెంకు పలచబడ్డ గుడ్లు పెడతాయి. మరోవైపు దాణాలో ప్రధానమైన మొక్కజొన్న ఇథనాల్ తయారీకి మళ్లుతోంది. 2025-26కు దాని కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ.2,400. ఇరుగుపొరుగుకు నేరుగా గుడ్డు రూ.8కి అమ్మగలిగితే రోజుకు అదనంగా రూ.150 వస్తుంది. ఈ పరిమాణంలో అసలు సంపాదన పెంపకంలో కంటే ఇలాంటి అమ్మకంలోనే ఉంది.

2021 జనవరిలో బర్డ్ ఫ్లూ భయంతో ఢిల్లీ ప్రభుత్వం గాజీపుర్ కోళ్ల మార్కెట్‌ను మూసివేసి, బయటి నుంచి సజీవ కోళ్ల రాకను నిలిపివేసింది. కొద్ది రోజులకే ఆంక్షలు ఎత్తివేసినా, ఆ రోజుల్లోనూ కోళ్లకు దాణా వేయక తప్పలేదు.

జాతీయ పశుసంపద మిషన్ కింద గ్రామీణ కోళ్ల రంగానికి 50 శాతం, గరిష్ఠంగా రూ.25 లక్షల రాయితీ ఉంది. కానీ అది కనీసం వెయ్యి మాతృకోళ్లతో, పిల్లలను పొదిగించే యూనిట్‌తో నడిచే ఫారాలకు ఉద్దేశించింది. వంద కోళ్ల పెంపకందారు ఆ పరిధిలోకి రారు. పైగా కోళ్ల ఆదాయం పన్ను చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయం కాదు; జీతంపై పన్ను కట్టేవారు ఆ మిగులును కూడా రిటర్నులో చూపాలి.