యంత్రమునకు కావలి యెవ్వరు?

2025 అక్టోబరు 20వ తేదీన, మన దేశము దీపావళి పండుగలో నుండిన మధ్యాహ్నవేళ, అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున అమెజాను కంపెనీవారి కంప్యూటరు వ్యవస్థ యొకటి స్తంభించినది. అచట నప్పుడు తెల్లవారుజామున మూడు గంటలు కావచ్చుచుండెను. ఆ కంపెనీవారు తమ కంప్యూటర్లను లెక్కలేనన్ని యితర సంస్థలకు అద్దె కిచ్చుచుందురు. కావున నొకచోట పుట్టిన దోషము బ్యాంకులకును, వర్తకమునకును, సందేశములు పంపుకొను సాధనములకును ఒక్కపెట్టున వ్యాపించినది. పూర్తిగా కుదుటపడుటకు ఇంచుమించు పదునైదు గంటలు పట్టినది.

కారణమును కంపెనీవారే పిమ్మట ప్రకటించిరి. ఏ సేవ యెచ్చట దొరకునో తెలుపు చిరునామాల పట్టికను సరిదిద్దు పని అచట మనుష్యులది కాదు. దానంతట నది నడచు ప్రోగ్రాములది. ఒకే పని చేయు అట్టి ప్రోగ్రాములలో నొకటి వెనుకబడి, పాతబడిన పట్టికను తెచ్చి క్రొత్తదాని స్థానమున నుంచినది. మఱియొకటి తన పని ముగించుకొని, పాత పట్టికలను తుడిచివేయుచు, దీనిని గూడ తుడిచివేసినది. మిగిలినది ఖాళీ! దానిని తిరిగి నింపుకొను శక్తి ఆ ప్రోగ్రాములకు లేకపోయినది. తుదకు మనుష్యులే పూనుకొని సరిచేసిరి. పిదప ఆ ప్రోగ్రాములను ప్రపంచమంతటను నిలిపివేసిరి.

ఇందు కృత్రిమ మేధ లేదు; మనుష్యులు వ్రాసిన నియమములే యున్నవి. ఈ భేదమును పాఠకులు గమనింపవలెను. వ్రాసిన నియమము తప్పినయెడల వ్రాతను విప్పి తప్పు పట్టవచ్చును. ఇపుడు కంపెనీలు ఆ నియమములపైని కొలువునకు పెట్టుచున్న కృత్రిమ మేధ యట్టిది కాదు. అది గడచిన వృత్తాంతములనుండి తాన నేర్చుకొనును. ఏల యిట్లు చేసితివని యడిగిన సమాధానము చెప్పును గాని, ఆ సమాధానమే నిజమైన కారణమని నమ్ముట కష్టము.

దాని ప్రయోజనమును కాదనుట మా యభిమతము కాదు. పెద్ద వ్యవస్థలో నొక చిన్న భాగము చెడినచో హెచ్చరికలు వందలకొలది మ్రోగును. వానిలో మూలమేది, నీడ యేది యని వేఱుచేయుటలో మనుష్యుని కన్ను త్వరగా నలయును, యంత్ర మలయదు. గూగులు కంపెనీవారు తమ డేటాసెంటర్లను చల్లబఱచు పనిలో దీనిని వినియోగింపగా, అందులకగు విద్యుత్తు 40 శాతము వఱకు తగ్గినదని 2016లో ప్రకటించిరి. 2018 నాటికి ఆ యంత్రము సలహా చెప్పుటతో ఆగక, మనుష్యుల పర్యవేక్షణలో తానే శీతలయంత్రములను నడుపుటకు పూనుకొన్నది.

ఇక మన సంగతి. అమెరికాకు పగలైనపుడు మనకు రాత్రి. అచటి కంపెనీల కంప్యూటర్లకు కావలి కాయుచు హైదరాబాదులోను, బెంగుళూరులోను తెలుగు యువకులెందఱో రాత్రులు మేల్కొనుచున్నారు. హెచ్చరికను చూచుట, దానిని టిక్కెట్టుగా నమోదు చేయుట, మొరాయించిన సర్వరును తిరిగి నడిపించుట, తనవలన కానిచో పైవాని కప్పగించుట, ఇది వారి తొలిమెట్టు. పొలమమ్మి కొడుకును ఇంజనీరింగు చదివించిన రైతునకు తొలి జీతము తెచ్చిపెట్టినది తఱచుగా ఈ మెట్టే. కృత్రిమ మేధ మొట్టమొదట కాజేయుచున్నదియు దీనినే.

జీతము పోవుటయే నష్టమైనచో మఱియొక జీతము వెదకుకొనవచ్చును. పోవుచున్నది విద్య. కాలువమీది లస్కరు ఇరువదియేండ్లు లాకులు ఎత్తి దించినందువలననే ఏ గట్టు ఏ నీటికి తెగునో యెఱుగును. అతని కుమారునిచేత లాకు పట్టనీయక, వరదనాడు మాత్రము పిలిచినచో వాడేమి చేయగలడు? 1983లోనే లిజాన్ బెయిన్‌బ్రిడ్జి యను పరిశోధకురాలు కర్మాగారములనుగూర్చి ఈ మాటనే చెప్పినది. యంత్రము సులభమైన పనులను గైకొని, కష్టమైనవానిని మనుష్యునకు విడుచును. ఆ కష్టమున కావలసిన యభ్యాసమును సైతము అతనికి లేకుండ చేయును. నేడు వర్జీనియాలో దోషమును పట్టగల పెద్దలు, నిన్న చిన్న హెచ్చరికలను చూచి నేర్చినవారే. వారి తరువాతివారు ఎచ్చట నేర్తురు?

2025 అక్టోబరులోనే గూగులువారు విశాఖపట్టణమున అయిదేండ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చించి కృత్రిమ మేధా కేంద్రమును నెలకొల్పెదమని ప్రకటించిరి. ఒక గిగావాటు విద్యుత్తు నందుకొను స్థాయి డేటాసెంటరది. ఇట్టి కేంద్రములను కట్టునపుడు కూలీలు, మేస్త్రీలు వేలకొలది కావలయును. కట్టిన పిదప, పెట్టిన మూలధనముతో పోల్చిన, లోపల పనిచేయువారు కొలదిమందియే. భూమి యెంత, నీ రెంత, కరెంటు రాయితీ యెంత యని మనవారు అడుగుట న్యాయమే. అడుగవలసినది మఱియొకటి యున్నది. ఆ కొలదిమందిలో అధికారము చేత పట్టువారెందఱు, వాకిట కాపున్నవారెందఱు?

అప్రెంటిసుల చట్టము మన దేశమున 1961 నుండి యున్నది. తరిఫీదు పొందువారిని తీసికొనవలసిన బాధ్యతను అది సంస్థలపై నుంచినది. డేటాసెంటర్లకు రాయితీ లిచ్చునపుడు ప్రభుత్వము ఈ సూత్రమును ఒడంబడికలోనికి తేవలెను. ఏటేట ఇంతమంది స్థానిక యువకులకు కంట్రోలు గదిలో తరిఫీదు. కృత్రిమ మేధను ప్రక్కనుంచి మనుష్యులే వ్యవస్థను నడుపు దినములు నెలకు కొన్ని. దోషము కలిగినపుడు అమెజానువారు చేసినట్లు కారణమును బహిరంగముగ ప్రకటించుట. కంపెనీవారు ఖర్చు హెచ్చునందురు. హెచ్చును. రాయితీలు తగ్గించి యిచ్చుటకు ముందే ఆ ఖర్చును లెక్కలో చేర్చుకొనవచ్చును.