ఎవరి రక్తమునకు ఎవరి లెక్క?

ఆంధ్రదేశమున శస్త్రచికిత్సకు ముందు "మీరు వైశ్యులా?" యని మత్తుమందు వైద్యులు రోగి నడుగుట కద్దు. ఇది కులాభిమానమున నడిగెడి ప్రశ్న కాదు. కండరములను సడలించు సక్సినైల్ కోలిన్ అను మందును విఱిచివేయు రసము, పెనుగొండ వాసవీమాతను కొలుచు ఆ సంఘమువారిలో ఇతరులలోకన్న మిక్కిలి హెచ్చుమందికి పుట్టుకతోనే కొఱవడును. అట్టివారు ఆ మందు పడిన పిమ్మట గంటలతరబడి తమంతట ఊపిరి తీయజాలరు. తరతరములుగ తమలో తామే వియ్యమందుట దీనికి మూలము.

టీకాల సంగతి మాత్రము వేఱగునా? కణము తనలో జొచ్చిన సూక్ష్మజీవి మాంసకృత్తును తునియలు చేసి, హెచ్.ఎల్.ఏ. అను పళ్ళెరములపై నుంచి రక్షకకణములకు జూపును. ఆ పళ్ళెరములు అందఱికి నొక్క మూసవి కావు; జనమును బట్టి మాఱుచుండును. ఏ తునియ ఏ పళ్ళెరమున నిలుచునో నేడు కంప్యూటరు ముందే గణించి, టీకాలో జేర్పదగిన వానిని ఏఱి యిచ్చుచున్నది. మెచ్చదగిన విద్యయే! కాని యంత్రము తనకు జూపిన లెక్కనే నేర్చును గదా. ఆ లెక్కలో అధికభాగము ఐరోపా సంతతివారిది. ఉప్పాడ జాలరికి, మన్యపు కొండరెడ్డికి అందులో దక్కిన చోటెంత?

"కులమున కొక టీకా చేయింతురా?" యని కొందఱు పెద్దమనుష్యులు నవ్వుదురు. నవ్వుడు! మేము కోరునది అది కాదు. టీకా యొక్కటియే యుండనిండు. ఏ జనమును వెలిపడకుండ తునియలను కూర్పుడనుచున్నాము. బ్రిటను బాలబాలికలలో క్షయను నూటికి సుమారు 80 పాళ్ళు అడ్డిన బి.సి.జి. టీకా, 1968లో ఆరంభమై రెండున్నర లక్షలకు పైబడినవారిపై జరిగిన చెంగల్పట్టు పరీక్షలో పెద్దల ఊపిరితిత్తుల క్షయను అడ్డలేదని 1979లో తేలెను. రక్తభేదమే కారణమని మే మనము. నేలలో, నీటిలో నుండు ఇతర సూక్ష్మజీవులే హేతువని పలువు రందురు. ఏది యైనను, అచట నెగ్గినది ఇచట నెగ్గితీరవలెనను వాదము మాత్రము చెల్లదు.

దాదాపు 10,000 మంది భారతీయుల జన్యుపటములను 2025 జనవరిలో మన పరిశోధకులకు తెఱచిరి. సంతోషము. 140 కోట్లకు ఇది చాలునా? ఇంకను కొలువవలెను, కాని ఎట్లు కొలుతురు? 1959 వఱకు మన తూర్పుగోదావరి మండలమున నుండిన భద్రాచల ప్రాంతమున, 2009లో హాస్టలు బాలికలకు గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు టీకా వేయునపుడు తలిదండ్రులకు మాఱుగ వార్డెనులు సమ్మతిపత్రములపై సంతకములు చేసిరి. బాలికల మరణములకు టీకా కారణము కాదని విచారణసంఘము తేల్చినది. దానితో మాకు తగవు లేదు. మా తగవు ఆ సంతకములతోనే. 2013లో పార్లమెంటు స్థాయీసంఘమును దీనినే గర్హించినది.

2023 నాటి వ్యక్తిగత సమాచార శాసనములో జన్యుసమాచారమునకు ప్రత్యేకరక్షణ యేదియు లేదు. రక్తము దీయుటకు ముందు పత్రమును వారి భాషలో చదివి వినిపింపవలెను. ఆ లెక్క ప్రజల సొత్తై యుండవలెను. దానివలన పుట్టిన టీకా ఇచటి ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ దొరకవలెను. ఈ మూడింటిని శాసనమున జేర్పుడని మన పఠనమందిరములవారు తీర్మానించి, గోదావరీ మండలముల పార్లమెంటు సభ్యులకు పంపుదురు గాక.