కొలెస్టరాల్‌కు ఎండ మందు కాదు

ఎండలో నిలబడితే కొలెస్టరాల్ కరిగి విటమిన్ డి అవుతుందని నమ్మేవారు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో తక్కువేమీ కాదు. ఇది అర్ధసత్యం, అందుకే ప్రమాదకరం. అతినీలలోహిత కిరణాల వలన విటమిన్ డిగా మారేది చర్మంలోని 7-డీహైడ్రోకొలెస్టరాల్. రక్తంలోని కొలెస్టరాల్ కాదు.

లెక్క చూడండి. వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల మాత్రలో ఉన్న విటమిన్ డి ఒకటిన్నర మిల్లీగ్రాము. పరీక్షలో కొలెస్టరాల్ 200 అని వస్తే, ఒక్క డెసిలీటరులోనే 200 మిల్లీగ్రాములున్నట్టు. చెంచాతో చెరువు తోడగలమా?

అమెరికాలో 25,871 మందిపై జరిగిన వైటల్ పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. రోజుకు 2,000 యూనిట్ల చొప్పున ఐదేళ్లకు పైగా ఇచ్చినా గుండెపోటు, పక్షవాతం తగ్గలేదు.

లోపమున్నవారి ఎముకలకు విటమిన్ డి అవసరమే. కానీ వైద్యుణ్ణి అడగకుండా నెలల తరబడి పెద్ద మోతాదులు మింగితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అంతకు మించిన అనర్థం, దీనిని నమ్మి స్టాటిన్ మానివేయడం.

ఎండే మందైతే, సాగర్ ఎడమ కాలువ కింద పొద్దంతా పొలంలో ఉండే రైతుకు గుండెపోటు రాకూడదు. వస్తున్నది. ఎండను ఎముకలకు వదలండి; కొలెస్టరాల్‌కు వైద్యం చేయించుకోండి.