సలహా చెప్పుటయా, మనసు వినుటయా?

వైద్యవిద్యా ప్రవేశపరీక్షకై విశాఖపట్టణమున చదువుచుండిన యొక బాలిక 2023లో మరణించెను. ఆ మరణమును గూర్చిన వ్యాజ్యమున 2025 జూలై 25వ తేదీని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుచు, నూర్గురును అంతకు మించియు విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు శిక్షణ గల కౌన్సెలరునో, మనస్తత్త్వజ్ఞునో, సాంఘిక సేవకునో ఒక్కరినైనను నియమింపవలయునని యాదేశించెను. ఆదేశము మంచిదే. కాని యింతమందిని మన విశ్వవిద్యాలయము లెట్లు తయారుచేయుచున్నవి? ఎవరి పక్షమున నిలుచుటకు తయారుచేయుచున్నవి? ఈ రెండవ ప్రశ్న నడుగువారు మాకు కానరాకున్నారు.

'కౌన్సెలింగు' అను మాట మన యిండ్లలో నెఱుగనివారు లేరు. ప్రవేశపరీక్ష ముగిసిన పిమ్మట సీట్లు పంచిపెట్టుటకు ఆ పేరు. త్రాగి బండి నడిపినవానిని పోలీసువారు పిలిచి మందలించుటకును ఆ పేరే. రెంటియందును చెప్పువాడొకడు, తలయూపువాడొకడు. వినువాడు మాత్రము లేడు. ఈ మాటనే తెచ్చి యెన్నో కళాశాలలవారు ఒక గది తలుపుపై వ్రాసిరి. మార్కులు తగ్గిన పిల్లవానిని ఆ గదికి పంపుదురు. వానిచేత మరల పుస్తకము పట్టించుటయే లోపల కూర్చున్నవారి పని యని వారి తలంపు.

ఈ శాస్త్రము పుట్టినపుడు దాని యుద్దేశ మిది కాదు. 1908లో బోస్టను నగరమున ఫ్రాంకు పార్సన్సు తెఱచిన వృత్తినిర్ణయ కార్యాలయము యువకులకు పని చూపుటతో తృప్తిపడలేదు. తమ్ము తాము తెలిసికొని తామే యెన్నుకొనుడని వారికి బోధించెను. 1942లో గ్రంథము ప్రకటించిన కార్లు రోజర్సు ఇంకను ముందునకు పోయెను. ఎదుటివాని లోకమును వాని కన్నులతో చూచుట, షరతులు లేని యాదరము, తనలో కపటము లేకుండుట, ఇవియే మనిషిని మార్చునని 1957లో నాతడు వాదించెను. ఆయన మాటలన్నింటిని మేము శిరసావహింపము. పెద్దల చెప్పుచేతలలో బ్రదుకు బాలికకు 'నీ యిష్టము' అన్నంతనే దారి దొరకదు. అయినను ఆ గుణములు లేనివాడు ఆ కుర్చీలో కూర్చుండదగడని మా నిశ్చయము.

ఆ గుణములను మన యెం. ఏ. తరగతులలో పెక్కింట నెట్లు నేర్పుచున్నారు? రోజర్సుపై నొక ప్రశ్న యిత్తురు. విద్యార్థి యాదరమునకు నిర్వచనము వ్రాసి ఉత్తీర్ణుడగును. గట్టుమీద నిలిచి యీత నేర్చుట యనగా నిదియే. మనస్తత్త్వశాస్త్రమును దూరవిద్యగా నేర్పరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2025లో నిషేధించినది; సంతోషము. కాని తరగతి దగ్గరయైనంతమాత్రమున దుఃఖితుడు దగ్గరయగునా? విద్యార్థి నిజమైన మనిషి యెదుట కూర్చుండవలయును. ఆ మనిషి యనుమతితో ఆ సంభాషణను గురువు విని, 'ఆమె యేడ్చుచుండగా నీవేల మాట మార్చితివి? కులము పేరు వినగానే నీ గొంతేల మాఱినది?' అని యడుగవలయును. ఇట్టి ప్రశ్నలు వారమువారము ఎదుర్కొననివానికి పట్టమిచ్చుట మోసము. తీరిక లేదందురా, రెండు పరీక్షాపత్రములు తీసివేయుడు, కొంప మునుగదు.

భాష మాట యంతకన్న సిగ్గుచేటు. చదువంతయు నింగ్లీషున సాగును. వచ్చినవారి దుఃఖము తెలుగున నుండును. 'గుండెల్లో దడగా ఉంది' అని యొకతె యనును. 'రంది పట్టుకున్నది' అని తెలంగాణపు తల్లి యనును. ఆ మాటకు పాఠ్యపుస్తకములోని పేరు వెదకుకొనుచు కూర్చున్నవాడు ఆ తల్లి మొగమును చూడనే చూడడు. తెలుగున వినుట, తెలుగున నడుగుట యొక పాఠముగా మన తెలుగు విశ్వవిద్యాలయములు ఏల పెట్టరాదు?

ఇక తల్లిదండ్రులమైన మన సంగతి. 'మావానికి నాలుగు మంచిమాటలు చెప్పుడు' అని కొనిపోవుదుము. బయటికి రాగానే 'ఏమన్నాడు?' అని యడుగుదుము. కళాశాల యజమానియు నదే యడుగును. జీతమిచ్చువానితో 'చెప్పను' అనుటకు వలయు ధైర్యమును శిక్షణలో భాగముగా నేర్పవలదా? మానసిక రోగుల విషయమున గోప్యత హక్కని 2017 నాటి చట్టమే యొప్పుకొనినది. ప్రాణాపాయమున్నపుడు మౌనము తగదు. బాలలపై లైంగిక దౌర్జన్యము తెలిసినపుడు 2012 నాటి చట్టము ప్రకారము తెలుపకుండుట నేరము. ఈ హద్దులు తెలిసినవాడే రహస్యమును కాపాడగలడు. పెండ్లి వద్దన్న కూతురిని ఒప్పించి పంపుమన్న తండ్రికి గూడ, అది తన పని కాదని మర్యాదగా చెప్పగలడు.

వచ్చు సంవత్సరము బిడ్డను చేర్పించుటకు పోవు చదువరులు వసతిగృహపు భోజనమును గూర్చి యడుగుదురు, ర్యాంకులను గూర్చి యడుగుదురు. ఈ మూడును గూడ నడుగుడు: మీ కౌన్సెలరు గదికి మూయుటకు తలుపున్నదా? ఆమె వ్రాసికొన్న కాగితముల తాళముచెవి యెవరి చేత నున్నది? ఆమె పనిని విని తప్పొప్పులు చెప్పు గురువెవరు?