లంకె ఇస్తే చాలదు, వెతకడం నేర్పాలి

సంపాదకులకు,

పల్లె విద్యార్థుల చేతికి ఫోను వచ్చింది కనుక గ్రంథాలయమూ వచ్చినట్టేనన్న గత సంచిక వ్యాసకర్త అభిప్రాయం, కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న రాయల్పాడు వంటి ఊళ్ల విషయంలో నిలవదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం, అంటే పరిశోధన పత్రికలకు ప్రభుత్వమే మూకుమ్మడిగా చందా కట్టే ఏర్పాటు, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించినా, ఉన్నత విద్యా, పరిశోధన సంస్థలకే పరిమితమై బడిపిల్లలను గడప బయటే ఉంచడం విచారకరం.

వారికి మిగిలిన ముఖ్యమైన దారి ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించే భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయం. అది ఉచితమే, అయితే ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదివే విద్యార్థి ‘మా ఊరి చెరువును ఎవరు తవ్వించారు’ అని వాక్యమంతా తెలుగులో కొడితే, పుస్తక వివరాలు ఎక్కువగా ఇంగ్లీషులో నమోదైన చోట ఫలితం దక్కడం కష్టం. ఇలాంటి వివరాలు పాత శాసనాల్లో దొరకవచ్చు కనుక, అదే ప్రశ్నను కోలారు, చెరువు, శాసనం అనే కీలకపదాలుగా, అంటే విషయాన్ని పట్టిచ్చే మాటలుగా, విడదీసి ఇంగ్లీషులోకి మార్చడం తెలిస్తే, శాసన పరిశోధకుడు బి.ఎల్. రైస్ 1905లో ఈ జిల్లా శాసనాలతో వెలువరించిన ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ పదో సంపుటం వైపు వెతుకులాట సాగుతుంది. ఆ సంపుటంలో తెలుగు శాసనాలూ ఉన్నాయి.

కర్ణాటక గ్రామ పంచాయతీ గ్రంథాలయాలైన ‘అరివు కేంద్రాల’లో కన్నడ, తెలుగు, ఇంగ్లీషు పదాల పట్టిక ఒకటి గోడకు అతికించి, గ్రంథపాలకులు వారానికొక గంట పిల్లల పక్కన కూర్చుని వెతికించే ఏర్పాటును గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖ ఈ విద్యాసంవత్సరంలోనే చేపట్టాలి.

— ఒక పాఠకుడు, రాయల్పాడు