వానలెక్క ఊరికి చేరవలెను

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డకు కరవు క్రొత్త గాదు. అట్టి సీమలోనే 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపురము, రాజోలి ప్రాంతములను ముంచివేసెను. ఎండకు మాడు నేల వరదకును బలియగునని ఆ యేడు తెలిసినది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో వేర్వేరు జిల్లాలైనవి. జిల్లా చిన్నదైనను సగటు సగటే. ఒక ఊర పదునువాన కురియగా ప్రక్కయూర దుమ్ము లేచుట మన రైతులకు అనుభవమే. భారత వాతావరణ శాఖ 1875లో స్థాపితమైనది. నేడు ఉపగ్రహములును, మండలములందు స్వయంచాలక కేంద్రములును కలవు. అయినను తొలివానను నమ్మి ప్రత్తి విత్తి, వాన వెనుదీయగా మరల విత్తనములకై అప్పు చేయువానికి, జిల్లాలో వర్షపాతము సాధారణమను మాట యేమి యోదార్పు?

కావున ప్రతి గ్రామపంచాయతీయందును వానకొలత పాత్ర యుండవలెను. కురిసిన వానయు, రాబోవు దినముల సూచనయు పంచాయతీ గోడపై తేటతెనుగున వ్రాయవలెను. పాలెము వ్యవసాయ పరిశోధనా స్థానము ఆ లెక్కలనుబట్టి, మృగశిరకు ముందే, ఏ నేలలో ఎప్పుడు విత్తవలెనో తెలుపవలెను. ఎగువ జలాశయముల నీరు విడుచు వార్త నడిరేయియైనను నదీతీర గ్రామములకు అందవలెను.

వానను రప్పించుట ఎవరి తరమును గాదు. వార్తను చేర్చుట ప్రభుత్వము తరమే. ఈ కార్తెలు దాటకమున్నే అధికారులు పూనుకొందురని మేము కోరుచున్నాము.