ఒకే మీటరు, మూడు పొయ్యిలు: వేరుపడిన ఇంటికి కరెంటు వేరు కావద్దా?

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలో పాత మిద్దెలు పోర్షన్లుగా మారుతున్నాయి. కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు, గోనెగండ్ల వైపు పల్లెల నుంచి పిల్లల చదువుల కోసం, జిన్నింగు మిల్లులలో పని కోసం వచ్చే కుటుంబాలు ఆ పోర్షన్లలోనే దిగుతున్నాయి. పల్లెలలో మరొక తీరు. అన్నదమ్ములు వేరుపడి ఇంటి నడుమ గోడ పెట్టుకుంటారు. గోడ లేచింది, పొయ్యి వేరయింది. మీటరు మాత్రం తండ్రి పేరిట ఉన్న పాతదే. దీనివల్ల నెలనెలా ఎంత నష్టమో లెక్కవేసి చూసుకునేవారు తక్కువ.

బిల్లులో తేడా

2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్ల ధర రూ.1.90 చొప్పున, 31 నుంచి 75 వరకు రూ.3, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6. వాడకం పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది.

మూడు కుటుంబాలు తలా 75 యూనిట్లు కాల్చాయనుకుందాం. వేర్వేరు మీటర్లుంటే ఒక్కొక్కరికి 192 రూపాయలు, ముగ్గురికీ కలిపి 576. అదే 225 యూనిట్లు ఒకే మీటరుపై తిరిగితే 1,017 రూపాయలు. ఇతర చార్జీలు కలపకుండానే నెలకు 441 రూపాయలు ఎక్కువ. కరెంటు ఎక్కువ కాల్చినందుకు కాదు, మీటరు ఒక్కటే అయినందుకు ఈ దండుగ. ఇంటాయన చిన్న మీటరు బిగించి యూనిట్‌కు 8 రూపాయలు వసూలు చేస్తే, 192 రూపాయలు కట్టవలసిన కుటుంబం 600 కట్టుకుంటుంది.

నష్టం అద్దెకున్నవారికే కాదు. ప్రభుత్వ పథకాలకు నెలకు సగటున 300 యూనిట్ల హద్దు పెట్టడం తెలిసిందే. 2025లో వచ్చిన తల్లికి వందనం పథకానికీ ఆ షరతు ఉన్నది. పోర్షన్ల వాడకమంతా యజమాని పేరిట నమోదైతే ఆయన కుటుంబమే అర్హత పోగొట్టుకునే ప్రమాదం లేకపోలేదు.

చట్టం ఏమంటున్నది?

2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమాని గాని, అందులో కాపురముండేవారు గాని సర్వీసు కోరవచ్చు. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదంతో 2006లో వచ్చిన సరఫరా షరతులలో, వేరే వంటగది ఉన్న కుటుంబాన్ని వేరుగానే లెక్కించాలని ఉన్నది. కొత్త సర్వీసు మునిసిపల్ పట్టణాలలో 7 రోజులలో, పల్లెలలో 15 రోజులలో ఇవ్వాలని 2024లో కేంద్రం నిబంధనలు సవరించింది. కాబట్టి వేరు మీటరు అడగడం ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడిన విషయం కాదు.

ముందు వైరింగు, తరువాత దరఖాస్తు

మీటరు ఒక్కటి తెచ్చి తగిలిస్తే పని తీరదు. ఒక పోర్షన్ తీగ మరొక పోర్షన్‌లోకి పోరాదు. ఫేజు తీగతో పాటు న్యూట్రల్ తీగ కూడా విడిగా ఉండాలి. బోరు మోటారు, మెట్ల దీపం ఎవరి మీటరుపై ఉండాలో ముందే తేల్చుకోవాలి. లేకుంటే నెలనెలా తగవే.

లోడు కూడా చూడాలి. చలికాలం పొద్దున మూడు ఇళ్లలోనూ 1,500 వాట్ల నీళ్ల హీటరు, 2,000 వాట్ల కరెంటు పొయ్యి ఒకేసారి పెడితే మొత్తం 10,500 వాట్లు. 230 వోల్టుల వద్ద సుమారు 46 ఆంపియర్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బుల కోసం ఏనాడో వేసిన తీగ దీనికి ఆగుతుందా? ఫ్యూజు పోయినప్పుడల్లా లావు తీగ చుట్టేవారు తీగను కాపాడడం లేదు, నిప్పుకు దారి ఇస్తున్నారు. కట్టె దూలాల మట్టిమిద్దెలో నిప్పు రాజుకుంటే అదుపు చేయడం కష్టం. ప్రతి పోర్షన్‌కు వేరు మెయిన్ స్విచ్, షాకు తగలకుండా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ట్రిప్పరు, సరైన ఎర్తింగు తప్పనిసరి అనుకోవాలి. ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోకుండా నీళ్లు పోస్తుండాలి.

యజమానుల భయం

అద్దెకున్నవారు బిల్లు ఎగ్గొట్టి పోతే ఎవరు కట్టాలి? ఇది కొట్టిపారవేయదగిన ప్రశ్న కాదు. నిబంధనలు అనుమతిస్తే పాత బకాయిని ఆ ఇల్లు కొన్న కొత్త యజమాని నుంచి కూడా రాబట్టవచ్చునని 2023 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీనికి మందు మీటరు ఇవ్వకపోవడం కాదు. ఒక నెల బిల్లుకు సరిపడా అడ్వాన్సు పట్టుకోవడం, దిగేనాడు, ఖాళీ చేసేనాడు మీటరు రీడింగు ఇద్దరూ రాసుకోవడం. సర్వీసు ఎవరి పేరిట ఉండాలో అద్దె కాగితంలోనే తేల్చుకోవాలి.

పల్లె నుంచి పట్నం వచ్చి పోర్షన్ చూసుకునేవారు అద్దె ఎంత, నీళ్లు వస్తాయా అని అడుగుతారు. మీటరు వేరా అన్న మూడో ప్రశ్న కూడా అడగడం నేర్చుకోవాలి. విద్యుత్ శాఖ సిబ్బంది కూడా రీడింగుకు పోయినప్పుడు ఒకే మీటరుపై మూడు పొయ్యిలు కనిపిస్తే, వేరు సర్వీసు తీసుకోవచ్చునని చెప్పి వస్తే పేదలకు మేలు చేసినవారవుతారు.